న్యూట్రల్‌లో దిగితే మిగిలేది ఎంత?

కోరుట్ల నుంచి ఏడుగురున్న ఒక కుటుంబం పెద్ద బండిలో బయలుదేరిందనుకోండి. జగిత్యాల మీదుగా కొండగట్టు అంజన్నను, ఆ తరువాత వేములవాడ రాజన్నను దర్శించుకుని, సిరిసిల్లలో చుట్టాలింటికి చేరాలి. మీలో చాలామంది ఇలాంటి ప్రయాణం చేసే ఉంటారు. కొండగట్టు దిగేటప్పుడు బండి నడిపే మీ బాపు గానీ, కాక గానీ గేరును న్యూట్రల్‌లో వేసి, "ఇగ బండి దానంతటదే పోతది, డీజిల్ మిగుల్తది" అనడం కూడా విని ఉంటారు.

ఆ మాట సరైనది కాదు. పైగా ప్రమాదకరమైనది. ఈ సంగతి ఇంట్లో పెద్దలకు చెప్పవలసింది సైన్సు చదువుకుంటున్న మీరేనని నా అభిప్రాయం.

న్యూట్రల్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే దానికి డీజిల్ అందుతూనే ఉండాలి. పెద్ద ఇంజను ఊరికే తిరుగుతున్నా గంటకు సుమారు అర లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది.

మరి బండిని గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే? అప్పుడు దిగుతున్న బండి చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఇప్పటి బండ్లలోని ఎలక్ట్రానిక్ యంత్రాంగం దీనిని గుర్తించి, ఇంజనుకు ఇంధనం వెళ్లకుండా ఆపేస్తుంది. అంటే గేరులో దిగే బండికి ఆ కాసేపు డీజిల్ ఖర్చే లేదు! కార్బురేటరు ఉన్న పాత బండ్ల కాలం నాటి అలవాటును మనం ఇంకా వదలలేదు, అంతే.

"న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం జారుతుంది కదా?" అని మీరు అడగవచ్చు. సమతలమైన రోడ్డు మీద అది నిజమే. కానీ ఘాట్ రోడ్డు మీద మనకు కావలసింది వేగం కాదు, అదుపు. గేరులో ఉంటే ఇంజనే బండిని కొంత వెనక్కు పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు అతిగా వేడెక్కితే వాటి పట్టు తగ్గుతుంది. 2018 సెప్టెంబరు 11న ఇదే కొండగట్టు ఘాట్ మీద ఒక బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం ఏదైనా కావచ్చు. కొండ దిగే బండితో మాత్రం పరాచికాలు వద్దు.

అయితే డీజిల్ మిగిల్చేది ఎలా? ఒక చిన్న లెక్క వేద్దాం. బండి, మనుషులు, సామాను కలిపి 2,400 కిలోలు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని గతిజ శక్తి సుమారు 3,33,000 జౌళ్లు. బ్రేకు వేసి ఆపితే అదంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 3.6 కోట్ల జౌళ్ల శక్తి ఉన్నా, చక్రాలకు అందేది దాదాపు మూడో వంతే. కాబట్టి ఆగిన బండిని మళ్లీ ఆ వేగానికి తేవడానికి దాదాపు 28 మిల్లీలీటర్లు కావాలి. అలా 36 సార్లు ఆగి బయలుదేరితే ఒక లీటరు ఖర్చయినట్లే! ముందున్న స్పీడ్ బ్రేకరును దూరం నుంచే చూసి, కాలు తీసి, మెల్లగా చేరుకునే డ్రైవరే నిజమైన పొదుపరి.

రెండవది గాలి. బండి ఎంత ఎత్తుగా, వెడల్పుగా ఉంటే గాలి అంత అడ్డు తగులుతుంది. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన కట్టిన మూటలు దానిని ఇంకా పెంచుతాయి. మూడవది టైర్లు. గాలి తగ్గిన టైరు ఎక్కువగా నలుగుతూ శక్తిని వృథా చేస్తుంది. ఎంత గాలి ఉండాలో చాలా బండ్లలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది.

నా మాట కూడా ఊరికే నమ్మకండి. కొలిచి చూడండి. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, మీటరు అంకె రాసుకోండి. మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించండి. ఒక నెల పాత పద్ధతిలో, ఒక నెల కొత్త పద్ధతిలో, వీలైనంత వరకు అవే దారుల్లో లెక్క కట్టండి.

ఆ కాగితం చూపించి చెబితే మీ కాక వింటాడు. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే చెప్పవలసిన మాట మాత్రం ఒకటుంది: "కాకా, కొండ దిగేటప్పుడు గేరు తీయకు."