పోయేవాడి పేరు పేటకు తెలిసుండాలి

కంచరపాలెంలో ఐటిఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, ఎంప్లాయిమెంటు ఆఫీసు ఉంది. చదివేది ఇక్కడే, సర్టిఫికెట్టు తీసుకునేది ఇక్కడే, ఉద్యోగానికి పేరు రాయించుకునేది ఇక్కడే. ఉద్యోగం మాత్రం ఇక్కడ లేదు. పోర్టు కళ్లెదుట ఉన్నా, బస్సెక్కితే స్టీలుప్లాంటు వచ్చినా, ఫిట్టరు, వెల్డరు చదివిన మన పిల్లలు సంచీ సర్దుకుని ఎరగని ఊళ్లకు, ఎరగని దేశాలకు పోతున్నారు.

పోవద్దని మేం చెప్పం. ఊరు కదలొద్దు, గీత దాటొద్దు అని చెప్పినవాళ్లు వేరే ఉన్నారు. భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయిన మన తాతలు అక్కడ మూటలు మోసి కూలిడబ్బులు కళ్లజూశారు. ఊళ్లో తలెత్తడం వాళ్లలో చాలామందికి ఆ కూలితోనే వచ్చింది. కానీ ఆ దారిలో నెత్తురూ ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని దింపాయి. సమ్మె ముగిశాక పాతవాళ్లను తిరిగి పిలిచి కొత్తవాళ్లను పొమ్మన్నాయి. చివరకు కూలీలే కూలీల్ని నరుక్కున్నారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవులూ కొండలూ కాలినడకన దాటారు. దారిలో రాలిపోయినోళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ప్రయాణం అందరికీ ఒకటి కాదు. 1901లో పదేళ్ల అంబేడ్కర్ తోటి పిల్లలతో మసూర్ స్టేషన్లో దిగాడు. వీళ్ల కులం తెలియగానే స్టేషన్ మాస్టరు వెనక్కి జరిగాడు. బండివాడు రెట్టింపు కిరాయి తీసుకుని కూడా, మైల పడతానని, పిల్లల్నే బండి తోలుకోమన్నాడు. ఆ రాత్రి వాళ్లకు తాగడానికి నీళ్లు దొరకలేదు. బారిస్టరై వచ్చాక కూడా, 1929లో చాలీస్‌గావ్‌లో ఆయన్ను ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. తోలడం రానివాడు తోలితే టాంగా తిరగబడి కాలు విరిగింది. కొత్త ఊళ్లో మనకు దారి తెలియకపోవడం ఒక కష్టం. మన కులం వాళ్లకు తెలియడం రెండో కష్టం.

అమెరికాలో నల్లవాళ్లకు కూడా ఇదే గతి. 1936లో హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే పోస్టుమాన్ ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్లకు ఏ ఊళ్లో తిండి పెడతారో, ఎక్కడ పడుకోనిస్తారో అందులో రాశాడు. ముప్పయ్యేళ్లు ఆ పుస్తకం చేతులు మారింది. ప్రభుత్వం చెయ్యనిది, పోయివచ్చినవాళ్లు పోయేవాళ్లకు చెప్పి చేసుకున్నారు. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఎందుకో చూడండి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, తలకు లక్షన్నర దాకా గుంజి, విశాఖ ప్రాంతం నుంచే సుమారు 150 మంది కుర్రాళ్లను పంపారని బయటపెట్టారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కున్నారు. గదుల్లో పెట్టి, ఫోన్లలో మనవాళ్లనే మోసం చేసే పని చేయించారు. చెయ్యనంటే తిండి మాన్పించారు. ఆ నెలలో బందీలు ఎదురుతిరిగాకే కొందరు ఇల్లు చేరారు.

ఆ ఏజెంట్లు ఆకాశంలోంచి ఊడిపడలేదు. మన ఊళ్లలోనే ఆఫీసులు పెట్టారు. “మనోడే, పర్నేదు” అన్న ఒక్క మాట మీద అమ్మలు పుస్తెలు తాకట్టు పెడుతున్నారు. మనోడైతే కాగితం చూపించడానికి వాడికి కష్టమేటి?

అందుకే అడగండి. విదేశాలకు పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిమీద జిఎస్‌టి. రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగాడంటేనే వాడు దొంగ. టూరిస్టు వీసా మీద ఉద్యోగం ఉండదు. “ముందు ఎళ్లిపో, అక్కడ మార్పిస్తాం” అన్నాడంటే గుమ్మం దాటొద్దు.

పదో తరగతి పాసవనివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలి. ఇంటిపనికి పోయే అక్కచెల్లెళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఈ ముద్ర తప్పించి దొడ్డిదారిన పంపుతామంటే, రేపు ఆ ఇంట్లో కొట్టినా అడిగే నాథుడు ఉండడని అర్థం. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. కాబట్టి ముద్ర అడగలేదని ధైర్యపడొద్దు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని దాచుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

దేశం లోపల కూడా జాగ్రత్తే. 2023 జూన్ 2న ఒడిశాలో బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ప్రమాదం జరిగింది. చనిపోయినవాళ్లలో 28 మంది ఎవరో నాలుగు నెలలైనా తేలలేదు. అక్టోబరులో భువనేశ్వర్‌లో అనాథ శవాలుగా కాల్చారు. జనరల్ పెట్టెలో కూచున్నవాడి పేరు ఏ చార్టులోనూ ఉండదు. అందుకని జేబులో ఇంటి నంబరు రాసిన కాగితం పెట్టుకోండి. ఫోను పోయినా అది ఉంటుంది.

కార్యకర్తలకు ఒక పని చెబుతున్నాం. ప్రతి పేటలో, అంబేడ్కర్ సంఘం గదిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రీ లేక ఏజెంటు ద్వారా, ఏ తేదీన పోయారో రాయండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు అందులో పెట్టండి. వారానికోసారి ఫోను చెయ్యాలని మాట తీసుకోండి. రెండు వారాలు మాట వినబడకపోతే ఇంటివాళ్లను ఒంటరిగా తిప్పకండి. పదిమంది కలిసి స్టేషనుకు నడవండి. మా హద్దు కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమనండి. ఆన్‌లైన్ మోసమైతే 1930కి చెప్పండి. 1987 చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మనుషుల అమ్మకానికి బలైనవాళ్లకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. దానికి నంబరు 15100. తిరిగొచ్చినవాళ్లను కూచోబెట్టి వినండి. ఏ మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడో, ఏ ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చారో, ఎక్కడ కులం అడిగి వెళ్లగొట్టారో అదే పుస్తకంలో రాయండి.

ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం. కంచరపాలెం ఎంప్లాయిమెంటు ఆఫీసు గోడమీద లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలి. ఐటిఐలో ఆఖరి నెల ఈ సంగతులు పాఠంగా చెప్పాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. డబ్బా రంగు, ఒక మాస్టారు చాలు.

రంగూన్ దారిలో రాలిపోయిన తాతల పేర్లు మనకు తెలియవు. ఇక మీదట పోయే పిల్లల పేర్లు పేటకు తెలియాలి. ఈ ఆదివారమే పుస్తకం తెరవండి.

జై భీమ్!