పాత కాగితం అడిగేవాళ్లకు ఆర్మగాన్ కథ

"మీ తాతలు ఇక్కడే ఉన్నారని పాత కాగితం ఏమైనా ఉందా?"

ఇంటి స్థలానికో, సాగు చేసుకుంటున్న చెక్కకో అర్జీ పెట్టుకున్న ప్రతి యానాది కుటుంబం విన్న ప్రశ్న ఇది. మీరూ వినే ఉంటారు. పోయిన ఏడాది మా కాలనీ వాళ్లతో కలిసి ఒక ఆఫీసుకు పోతే నన్నూ అడిగారు. డిగ్రీ చదివినోడిని గదా, ఏదో ఒకటి చెప్తానని మా వాళ్లు నా మొహం చూశారు. నా దగ్గర జవాబు లేదు. ఆధార్ ఉంది, రేషన్ కార్డు ఉంది. అవి నిన్న మొన్నటివి.

ఇంటికొచ్చాక నాకు ఒకటే ఆలోచన. మన తీరంలో పాత కాగితం అంటే ఎంత పాతది? దాన్ని ఎవరు రాశారు? అందులో ఎవరి పేర్లున్నాయి? అట్లా చదువుకుంటా పోతే దుగరాజపట్నం దగ్గర తేలాను.

వాకాడు మండలం దుగరాజపట్నం మనకు తెలిసిన ఊరే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మనకది నెల్లూరు తీరమే. రాష్ట్ర విభజన చట్టంలో పెద్ద ఓడరేవు కడతామని రాసింది ఈ ఊరి పేరు మీదే. 2018 నాటికి మొదటి దశ పూర్తి కావాలన్నారు, ఆ గడువు దాటిపోయింది. నాలుగు వందల ఏళ్ల కిందట ఇదే చోట ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఒక స్థావరం పెట్టింది. వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. సాయం చేసిన ఆరుముగం ముదలియార్ పేరే అట్లా మారిందని చెప్తారు. గమనించండి, మధ్యవర్తి పేరు ఊరి పేరై నిలబడింది.

1626లో వ్యాపారం మొదలైంది. 1628 నాటికి 12 ఫిరంగులు, ఇరవై మూడు మంది గుమాస్తాలూ సిపాయిలూ. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న తొలి కోట ఇదేనని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మద్రాసు కోట ఇంకా పుట్టలేదు. అక్టోబర్ వస్తే మనం కొలంబస్ మీద పోస్టులు పెడతాం, మంచిదే. మన ఇసుక మీద లేచిన ఈ కోట గురించి మనలో ఎంతమందికి తెలుసు?

అసలు వాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? 1611 నుంచే కంపెనీ మచిలీపట్నంలో ఉంది. అది గోల్కొండ సుల్తాను రాజ్యం. అక్కడి అధికారులతో పడక, దక్షిణాన ఇంకో చోటు వెతుక్కున్నారు. పులికాట్ చూద్దామంటే అక్కడ డచ్చివాళ్లు 1613లోనే కోట కట్టుకుని కూర్చున్నారు. ఆ రెంటికీ మధ్య దొరికింది దుగరాజపట్నం. ఒడ్డుకు దూరంగా నీళ్లలో ఇసుక దిబ్బ ఉంది, దాని చాటున ఓడలు నిలబెట్టుకోవచ్చు. అయితే చుట్టుపక్కల వాళ్లకు కావలసినంత గుడ్డ దొరకలేదు. ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే ఇంకా కిందికి దిగి వెతికి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నంలో చోటు సంపాదించాడు. 1640లో మకాం అక్కడికి మారింది. మద్రాసులో ఓడకు చాటు లేదు, అలలు ఒడ్డును బాదుతుంటాయి. అయినా పోయారు. గుడ్డ చవగ్గా దొరుకుతుందని పోయారు.

ఇప్పుడు అదే కాలంలో సముద్రానికి అవతల చూడండి. ఇదే ఇంగ్లండు నుంచి, ఇలాంటి వాటాల కంపెనీయే ఒకటి 1607లో అమెరికాలో జేమ్స్‌టౌన్ కట్టింది. అది వర్జీనియా. అక్కడ లాభం ఇచ్చింది పొగాకు. పొగాకుకు భూమి కావాలి, ఏటేటా ఇంకా భూమి కావాలి. ఆ భూమి పౌహాటన్ ఆదివాసులది. 1622లో వాళ్లు తిరగబడ్డారు, ఒక్కరోజులో మూడు వందల మందికి పైగా వలసదార్లు చచ్చారు. ఆ సాకుతో ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి ఊళ్లు తగలబెట్టారు, పంటలు కోసుకుపోయారు. ఉత్తరాన 1620లో ప్లిమత్‌కు దిగినవాళ్ల తీరు వేరు. పెళ్లాం బిడ్డలతో కాపురాలు పెట్టడానికి వచ్చారు. వాళ్లు ఇళ్లు కట్టుకున్న చోటు పటుక్సెట్ అనే ఆదివాసీ ఊరు. అంతకు రెండు మూడేళ్ల ముందే, ఓడల వెంట వచ్చిన జబ్బు ఆ ఊరిని తుడిచేసింది. ఖాళీ ఇళ్ల మీద, మనుషులు లేని చేల మీద వాళ్ల ఊరు లేచింది.

ఒకే ఇంగ్లండు, ఇంచుమించు ఒకే ఇరవై ఏళ్లు. అక్కడ భూమి లాక్కున్నారు, ఇక్కడ నాయకుడి ముందు కానుకలు పట్టుకుని నిలబడ్డారు. మన దగ్గర వాళ్లకు మంచితనం పుట్టుకొచ్చిందా? లేదు. ఇక్కడ గోల్కొండ సుల్తాను ఉన్నాడు, చంద్రగిరిలో రాయలు ఉన్నాడు, వాళ్ల కింద నాయకులు, వాళ్లకు గుర్రాలు, సైన్యాలు. 23 మందితో ఏం చేస్తారు? పైగా వాళ్లకు కావలసింది భూమి కాదు, సాలె మగ్గం మీది గుడ్డ. మగ్గం నడవాలంటే సాలెవాడు బతికుండాలి. బలం ఎక్కడుందో, సరుకు ఏమిటో, దాన్నిబట్టి దొర తీరు మారింది.

అయితే ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. మసాచుసెట్స్‌లో 1630లో వలస నడిపిన జాన్ విన్‌త్రాప్ ఒక వాదన చేశాడు. ఈ జనం భూమికి కంచె వేయలేదు, ఒకచోట స్థిరంగా ఉండరు, పశువులతో దున్నరు. కాబట్టి వాళ్ల హక్కు పూర్తి హక్కు కాదు, మిగతా నేల మేం తీసుకోవచ్చు. ఇదీ దాని సారం. మసాచుసెట్స్ అనే పేరే అక్కడి ఆదివాసీ తెగ పేరు. పేరు ఉంచుకున్నారు, నేల తీసుకున్నారు.

ఈ వాదన మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? కంచె లేదు, పట్టా లేదు, ఒకచోట ఉండరు.

1626లో కంపెనీవాడు ఈ మాట ఇక్కడ అనలేకపోయాడు. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి నెల్లూరు కంపెనీకి పోయింది. అప్పుడు గొంతు మారింది. 1835లో శ్రీహరికోట సర్కారు చేతికి వచ్చింది. ఆ దీవి అడవిలో తేనె, గడ్డలు, మందు వేర్లు ఏరుకుని బతికే మనవాళ్లు ఆనాటి నుంచి సర్కారు అడవిలో కూలీలయ్యారు. శ్రీహరికోట కట్టెలు కాలవ మీద పడవల్లో మద్రాసుకు పోయేవి. ఆర్మగాన్ వదిలేసి వెళ్లినవాళ్లు కట్టుకున్న మద్రాసు అది. మన అడవి దాని పొయ్యిల్లోకి పోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఊరూరా మనం మసలే వాగు గట్టు, చెరువు కట్ట, దిబ్బ రికార్డులో పోరంబోకు అయ్యాయి. ఒకచోట ఉండరన్న మాటే ముదిరి చివరికి నేరమైంది. నేరస్థ తెగల చట్టం కింద మన పేరు కూడా ఎక్కించారు. దాని మీద కొట్లాడినవాళ్లలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ఉన్నారు. ఆ చట్టం రద్దయింది 1952లో.

అంతా తెల్లోడి మీదికి తోసేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. కంపెనీ రాసుకున్నవి గుడ్డల బేళ్లు, ధరలు, కానుకలు. కానీ వెంకటాద్రి నాయకుడు చోటు ఇచ్చినప్పుడు ఆ ఒడ్డున పీతలు పట్టేవాళ్లను, వలలు ఆరేసుకునేవాళ్లను అడిగి ఇచ్చాడా? ఇచ్చినవాడి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, కుదిర్చినవాడి పేరుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు, 1971 అక్టోబర్‌లో మొదటి రోహిణి రాకెట్ లేచింది. రాకెట్ లేస్తే మనమూ చప్పట్లు కొడతాం. ఆ దీవి నుంచి ఒడ్డుకు వచ్చేసిన కుటుంబాల పిల్లలు మన క్లాసుల్లోనే చదివారు.

అందుకే, తమ్ముడూ, చెల్లీ, ఈసారి పాత కాగితం అడిగితే తల దించుకోవద్దు. కాగితం రాసే పని మన చేతిలో ఎప్పుడూ లేదు. ఆ సంగతి చట్టానికీ తెలుసు. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది చదవండి. పాత గెజిటీర్లు, సర్వే రికార్డులతో పాటు, అర్జీదారు కాని పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. శ్మశానం, బావి, దేవుడి చోటు, ఇవీ సాక్ష్యాలే. ఇది అడవి భూమికి వర్తించే చట్టం. పోరంబోకులో ఉన్న కాలనీలకు దారి వేరే, దాని గురించి ఇంకోసారి రాస్తాను. అయినా రాసిపెట్టే పని రెంటికీ ఒకటే.

మా కాలనీలో మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున ఇద్దరు పిల్లలు ఫోన్లో రికార్డు చేస్తారు, ఒకరు నోటు పుస్తకంలో రాస్తారు. ఏ చింతచెట్టు కింద ఎవరి గుడిసె ఉండేది, ఏ గట్టున ఎవర్ని పూడ్చారు, ఏ తుపానుకు ఎటు పోయి మళ్లీ ఎప్పుడొచ్చారు. మొన్న మా అవ్వ ఒక్క పూటలోనే పదకొండు సమాధులు ఎవరెవరివో చెప్పింది. రెండింటి మీద ఇప్పుడు రొయ్యల గుంట ఉంది. అవి కూడా రాశాం.