ఎవరి కొరకు ఈ పని?



"దేవుని పని" అనే మాటను మనము చాలా ఇరుకుగా వాడుతున్నాము. వాక్యము చెప్పితే దేవుని పని. పాటల బృందంలో నిలబడితే దేవుని పని. మందిరము ఊడ్చినా, కానుకల లెక్క వ్రాసినా అదికూడ దేవుని పనే అంటాము. కాని సోమవారం తెల్లవారి నాగలి పట్టినా, మగ్గం గుంటలో కాళ్లు పెట్టినా, పత్తి ఏరటానికి ఒడి కట్టుకొని చేనుకు పోయినా అది మాత్రం పొట్టకూటి పని అవుతుంది. యౌవనస్థులు కొందరు వచ్చి, "అయ్యగారూ, దేవుని కొరకు ఏదైనా చేయాలని ఉన్నది, కాని ఇంట్లో మగ్గం విడిచిపెట్టే దారి లేదు" అంటూ ఉంటారు. మగ్గమే ప్రభువుకు అడ్డమన్నట్లు!

నిర్గమకాండము 35వ అధ్యాయము తీసి 30 నుండి 35 వరకు ఉన్న వచనములు నిదానంగా చదవండి. దేవుడు తన ఆత్మతో నింపెనని అక్కడ పేరుపెట్టి చెప్పబడినవాడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. యూదా గోత్రికుడైన బెసలేలు. చేతిపనివాడు. బంగారము, వెండి, ఇత్తడి, రాయి, కర్ర అతని చేతిలోని వస్తువులు. అతనికి తోడుగా దాను గోత్రికుడైన అహోలీయాబు. ఆ పనుల వరుసలో చివరకు నేతపని కూడ లెక్కించబడింది. సిరిపురం, వెల్లంకి వంటి నేత గ్రామములున్న మా రామన్నపేట ప్రాంతములో ఈ వచనము చదివినప్పుడు వినేవారి ముఖములు వేరుగా ఉంటాయి. తమ పని పేరు బైబిలులో ఉన్నదని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

నేతపని తెలియని పాఠకుల కొరకు ఒక సంగతి వివరించాలి. మన ప్రాంతపు పోచంపల్లి చీర మీది పువ్వు మగ్గం మీద పుట్టదు. నేయకముందే నూలు మీద పుడుతుంది. దారాలను చాచి, గీతలు గీసి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. సైకిలు ట్యూబు ముక్కలు కూడ ఇందుకు పనికివస్తాయి. దీనినే చిటికి కట్టడం అంటారు. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పితే కట్టిన చోటు తెల్లగా నిలుస్తుంది. మరొక రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. కట్టు కాస్త జరిగితే మగ్గం మీద పువ్వు చెదురుతుంది.

చిటికి కట్టడానికి ముందు ఇంకొక పని ఉన్నది. పేక నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీద ఒకవైపు మేకు నుండి ఎదుట వరుసగా ఉన్న మేకులకు పోసుకుంటూ రావాలి. దీని పేరు ఆసు పోయడం. చెయ్యి ముందుకు చాచాలి, వెనుకకు తేవాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు. చేతితో పోస్తే నాలుగైదు గంటల పని. ఒక దినమున రెండు చీరలకు పోస్తే ఆ చెయ్యి 18,000 సార్లు ఆడాలి. తరతరాలుగా ఈ పని చేసినవారు ఇంటి ఆడవారు. వంట ముగించి ఆసు దగ్గర కూర్చోవాలి, ఆసు ముగించి మళ్లీ పొయ్యి దగ్గరకు లేవాలి. భుజము పోతుంది, మోచెయ్యి పోతుంది, దారం మీద దృష్టి నిలిపి నిలిపి కండ్లు మండుతాయి. చీర కొనేవారు పువ్వును చూస్తారు, నేసినవాడు ఏ ఊరివాడని అడుగుతారు. ఆసు పోసిన ఆమెను గూర్చి అడిగేవారు అరుదు.

ఆలేరు దగ్గర శారాజీపేట అనే గ్రామమున్నది. అప్పుడు మన నల్లగొండ జిల్లా, 2016 నుండి రామన్నపేటవలెనే యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊరి నేతకుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశంగారు ఆరవ తరగతితో బడి మానినవారు. తల్లి లక్ష్మిగారు ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుట ఆయన చూశారు. ఈ పని చేసే యంత్రమొకటి ఉండాలని 1992లో మొదలుపెట్టారు. ఇంజనీరు కాదు, చేతిలో డబ్బు లేదు. ఒక భాగము కుదిరితే మరొక భాగము కుదరలేదు. అప్పులు పెరిగాయి, ఊరివారు నవ్వారు. హైదరాబాదుకు వెళ్లి పనిచేసుకుంటూ కూడ ఆ ఆలోచన విడువలేదు. అక్కడ వేరొక యంత్రము ఆడే తీరు చూచినప్పుడు, ఎన్నాళ్లుగానో చిక్కని కదలిక ఆయనకు చిక్కింది. 1999లో యంత్రము పూర్తిగా పనిచేసింది. చేతితో నాలుగైదు గంటలు పట్టే ఆసు సుమారు గంటన్నరలో అయిపోయింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన జీవితమును సినిమాగా కూడ తీశారు.

ఆయన మన సంఘస్థుడు కాకపోవచ్చును. మేలు ఎక్కడ జరిగినా దానికొరకు దేవుని స్తుతించుట మనకు తగును.

ఏడేండ్లు! చాలామంది ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పి అక్కడితో ఆపుతారు. నాకు మరొక సంగతి పెద్దదిగా కనబడుతుంది. కష్టమును లెక్కపెడితే తల్లి కష్టము కొడుకు కష్టముకంటె తక్కువది కాదు. ఆమె ఏండ్ల తరబడి దినదినమూ చెయ్యి ఆడించింది. మరి ఆ నేతపల్లెల్లో ఇంటింటా తల్లి ఉన్నది, భుజము నొప్పి ఉన్నది, చూచే కొడుకూ ఉన్నాడు. "ఆడవాండ్ల పని అంతే" అనుకొని ఎందరో ఊరకున్నారు. ఈయన "అంతే" అనలేదు. ఎవరి కొరకు పని చేస్తున్నాడో ఆయనకు తెలుసు, ఆ మనిషి ముఖము ప్రతి సాయంత్రము ఎదుట ఉన్నది. ఉద్దేశముతో జీవించుట అని మనము పెద్ద మాటగా చెప్పుకొనేది చాలాసార్లు ఇట్లాగే ఒక మనిషి ముఖముతో మొదలవుతుంది.

ఇప్పుడు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:22-24 చూడండి. మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా పని చేయమనే ఆ 23వ వచనము మన ఇండ్లలో క్యాలెండర్ల మీద ఉంటుంది. అది మొదట ఎవరికి వ్రాయబడిందో క్యాలెండరు చెప్పదు. దాసులకు వ్రాయబడింది. తమ పనిని తాము ఎంచుకొనే వీలు లేనివారు, కూలి అడిగే హక్కు లేనివారు, తండ్రి ఆస్తిలో పాలు లేనివారు. అటువంటివారితో అపొస్తలుడైన పౌలు, మీకు స్వాస్థ్యము ఇచ్చువాడు ప్రభువే అని చెప్పుచున్నాడు. యజమాని చూచినా చూడకపోయినా మీ పనిని చూచువాడు ఒకడున్నాడని చెప్పుచున్నాడు. ఆసు చట్రము ముందు కూర్చున్న తల్లికి ఈ మాట ఎంత ధైర్యమో ఆలోచించండి.

అక్కడ ఆగకండి. అధ్యాయము మారగానే 4:1లో యజమానులకు వ్రాస్తున్నాడు: దాసులకు న్యాయమైనది ఇయ్యవలెనని, తమకును పరలోకములో యజమానుడున్నాడని. ఈ వచనమున్న క్యాలెండరు నేనింతవరకు చూడలేదు. కూలి పెట్టి పనిచేయించుకొనే విశ్వాసులు మన సంఘాలలో ఉన్నారు. వారు ద్వితీయోపదేశకాండము 24:15 కూడ చదువుకోవాలి. ఏ దినపు కూలి ఆ దినమే, ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని ఆజ్ఞ. "వచ్చే వారం కనబడు" అని పంపివేయుట చిన్న తప్పు కాదు. చేలు కోసినవారికి ఇయ్యని కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో వ్రాసియున్నాడు.

సోమరితనమును గూర్చి ప్రసంగించేవారికి కూడ ఒక మనవి. సామెతలు 6వ అధ్యాయములోని చీమ మంచి పాఠమే. కాని నాలుగు గంటలకే లేచి, నీళ్లు పట్టి, బువ్వ వండి, ఆటోలో ఇరుక్కొని కూర్చొని పక్క మండలపు పత్తిచేనుకు కైకిలి పోయే సహోదరి ఎదుట చీమను చూపించి ఏమి నేర్పుతాము? అప్పులన్నీ సోమరితనము వలననే వస్తాయని చెప్పడం సత్యము కాదు. వాన తప్పినా అప్పు, బోరు ఎండినా అప్పు, నూలు ధర పెరిగి చీర ధర పెరగకపోయినా అప్పు, ఆసుపత్రికి పోయినా అప్పు. 2 థెస్సలొనీకయులకు 3:10లో పౌలు గద్దించినది పని చేయుటకు ఇష్టములేనివానిని, పని దొరకనివానిని కాదు. ఈ రెంటిని కలిపి మాట్లాడితే దేవుని వాక్యముతో బీదవానిని కొట్టినట్టవుతుంది.

మరి సోమరితనము మన మధ్య లేదా? ఎందుకు లేదు! భార్య కైకిలి చేసి తెచ్చిన రూపాయి సాయంత్రానికి బెల్టుషాపు చేరే ఇండ్లున్నవి. హోటలు ముందు బల్లమీద పొద్దు గడిపి, ఇంటికి వచ్చి కూర ఇంకా కాలేదని కోపపడేవారున్నారు. చేతిలో సెల్‌ఫోను పెట్టుకొని, తల్లి బిందెలు మోస్తుంటే తల ఎత్తని పిల్లలున్నారు. ఇంకొక రకము కనిపెట్టడం కష్టము. అది తీరిక లేని సోమరితనము. ఊరి తగవులన్నిటిలో ఉంటారు, సంఘ కమిటీ కూటమున్నదంటే ముందుంటారు, ఇంట్లో విరిగిన తలుపు మాత్రం ఏడాదినుండి అట్లాగే ఉంటుంది. థెస్సలొనీకలో కూడ ఇటువంటివారున్నారని తరువాతి వచనమే చెప్పుచున్నది, చూచుకోండి.

పనిని, వాక్యమును కలిపి పట్టుకొన్నవారు మన తెలుగు సంఘముల చరిత్రలో ఉన్నారు. 1876-78 సంవత్సరములలో దక్షిణ దేశమును మహా కరువు పట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, బోధకుడు కాకముందు భూమి కొలిచే సర్వే పని నేర్చినవారు. ఆకలితో వచ్చినవారికి గింజలు పంచి పంపివేయుటతో తృప్తిపడక, ప్రభుత్వము త్రవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుగా తీసుకొన్నారు. ఊరి వెలుపల ఉంచబడిన మన పితరులలో ఎందరో ఆ పనిలో కూలి సంపాదించి బ్రతికారు. పనిమీద మేస్త్రీలుగా సంఘ బోధకులనే నియమించారు. మన్ను పని చూచినవారే విశ్రాంతి వేళలో కూలీల మధ్య కూర్చొని రక్షణ సువార్త చెప్పారు.

ఆ దినములలో బాప్తిస్మము కావాలని అడిగినవారు చాలామంది. ఆయన ఇయ్యలేదు! కూలి కొరకు వచ్చారా, క్రీస్తు కొరకు వచ్చారా అన్నది తేలాలి గనుక కరువు సహాయము జరుగుతున్నంతకాలము ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపియుంచారు. పని ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. కొన్నేండ్ల తరువాత, 1890 ప్రాంతములో, రష్యా దేశపు మెన్నోనైట్ బ్రదరన్ విశ్వాసియైన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షముగా నల్లగొండలో సేవ ప్రారంభించారు. నల్లగొండ సీమలోని మన సంఘములలో అనేకము ఆ వేరునుండి మొలిచినవే. కాలువ గట్టుమీద మన్ను కొలిచిన ఆ బోధకులలో ఎందరి పేర్లు మనకు జ్ఞాపకమున్నవి?

పౌలు కూడ కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి వారితోకూడ డేరాలు కుట్టాడు (అపొ. కార్యములు 18:1-3). భార్యాభర్తలిద్దరూ ఒకే పనిలో ఉన్న ఇల్లు అది. ప్రిస్కిల్ల వంట దగ్గర ఉండగా అకుల మాత్రమే కుట్టెనని బైబిలు చెప్పలేదు.

యొప్పేలోని దొర్కాను తలంచుకోండి (అపొ. కార్యములు 9:36-42). ఆమె చెప్పిన ప్రసంగము ఒక్కటి కూడ లేఖనములో లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపించారు. వాటిని ఎంత దినమునకు ఎన్ని కుట్టిందో ఎవరూ లెక్క చెప్పలేదు. ఆమె ఎవరి కొరకు కుట్టిందో వారే అక్కడ నిలిచియున్నారు.

ఈ నెలలో కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. మోకరించకముందు, ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి ఉన్నదో ఒకరినొకరు అడగండి. భుజమా, నడుమా, మోకాలా? ఏ పని వలన? ఆ పనిలో కొంత రేపటినుండి ఎవరు తీసుకొంటారు? నీళ్ల బిందెలు కొడుకు మోయవచ్చును, కండెలు భర్త చుట్టవచ్చును, ప్రార్థన కూటము వేళను స్త్రీలు కైకిలినుండి వచ్చి వంట ముగించుకొనే వేళకు సంఘ పెద్దలు మార్చవచ్చును. అడిగిన తరువాత ప్రార్థించండి.

వచ్చే నెల రూతు పరిగె ఏరుకొన్న దినములను, బోయజు తన పనివారికి చెప్పిన మాటలను ధ్యానించుకొందము.