భయానకరసానికి పట్టిన దెయ్యం

దెయ్యాల సినిమాలంటే నాకు ఇష్టమని చెబితే ఇప్పటికీ మా బంధువుల్లో కొందఱు నమ్మరు. ముప్పైయేళ్ళకు పైగా పిల్లలచేత సంధులూ సమాసాలూ వల్లె వేయించినవాడు ప్రబంధాలు దాటి బయటికి రాడని వారి ఊహ. వస్తాను. దీపాలార్పి, తలుపు గడియ వేసుకొని మఱీ చూస్తాను. ఈ టపాలో కోపం పాలు కాస్త ఎక్కువైతే, ఆ ప్రక్రియ మీద ప్రేమ ఉన్నవాడి కోపంగా మిత్రులు దాన్ని సహించాలి.

నా ఫిర్యాదు ఇది. 1993లో ఒక మలయాళ చిత్రం ఎంతో శ్రమపడి ఇంట్లోంచి వెళ్ళగొట్టిన దెయ్యాన్ని, ఆ చిత్రాన్ని తిరగదీసినవారూ, దాని పేరు చెప్పుకొని కొనసాగింపులు తీసినవారూ కలిసి, ముప్పైయేళ్ళలో మెల్లమెల్లగా మళ్ళీ ఇంట్లోకి తెచ్చి పీట వేసి కూర్చోబెట్టారు. 

ఆ చిత్రం ఫాజిల్ దర్శకత్వం వహించిన 'మణిచిత్రత్తాళు'. కథ రాసినవాడు మధు ముట్టం. మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ కథ 'చంద్రముఖి'గానే తెలుసు కనుక మూలాన్ని గుఱించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. నకులన్, గంగ అనే దంపతులు కలకత్తా నుంచి పూర్వీకుల ఇంటికి వస్తారు. దక్షిణపు వైపు గది ఒకటి తాళం వేసి ఉంటుంది. అందులో నాగవల్లి అనే తంజావూరు నర్తకి ఆత్మను బంధించారని ఇంటివాళ్ళ నమ్మకం. గంగ ఆ తాళం తెఱిపిస్తుంది. తరువాత ఇంట్లో జరిగేదంతా చూసి, నకులన్ స్నేహితుడూ మానసిక వైద్యుడూ అయిన సన్నీ తేల్చేదేమిటంటే, గదిలో దెయ్యం ఎప్పుడూ లేదు. తల్లిదండ్రులు దూరాన ఉండగా అమ్మమ్మ దగ్గర ఒంటరిగా, ఆమె చెప్పే కథలే తోడుగా పెరిగిన గంగ మనసులో, ఆ నర్తకి కథ వేళ్ళు తన్ని నాగవల్లి అయి లేచింది. అంతే.

అంతే అన్నాను గాని, ఆ 'అంతే'లోనే భయమంతా ఉంది. బజారుకు వెళ్ళడానికి ముస్తాబైన భార్యను భర్త వద్దని ఆపుతాడు. ఆమె కళ్ళు మాఱతాయి, గొంతు మాఱుతుంది, మంచాన్ని ఒంటిచేత్తో పైకెత్తుతుంది. తెల్లచీర లేదు, విరబోసుకున్న జుట్టు లేదు, పొగ లేదు. ఒక ఆడమనిషి ముఖం తప్ప ఏమీ లేదు. శోభనకు ఆ పాత్రకే జాతీయ ఉత్తమనటి పురస్కారం వచ్చింది. పరాయిది బయటినుంచి వస్తే తలుపు వేసుకోవచ్చు. పక్కన పడుకున్న మనిషిలోంచే వస్తే ఏ తలుపు వేస్తాం?

ఇక్కడ నా పాండిత్యాన్ని కాస్త ఒలకబోసుకోనివ్వండి, పింఛనుదారుడికి అంతకన్నా వేఱే ఆస్తి లేదు. భరతుడు నాట్యశాస్త్రం ఆఱవ అధ్యాయంలో భయానకానికి విభావాలు చెబుతూ వికృతమైన ధ్వనులనూ, నక్కల గుడ్లగూబల కూతలనూ, పాడుపడ్డ ఇంటినీ, అడవినీ పేర్కొన్నాడు. అనుభావాల్లో కాళ్ళూ చేతులూ వణకడం, ముఖం రంగు మాఱడం, గొంతు మాఱడం ఉన్నాయి. ఆ జాబితా దగ్గర పెట్టుకొని ఈనాటి దెయ్యాల చిత్రం ఏదైనా చూడండి. విభావాలన్నీ బస్తాలకొద్దీ ఉంటాయి. పాడుబడ్డ బంగళా ఉంటుంది, గుడ్లగూబ ఉంటుంది, చెవులు చిల్లులు పడేంత ధ్వని ఉంటుంది. భయపడే మనిషి మాత్రం ఉండడు. నాయకుడు భయపడితే అభిమానులు ఊరుకోరు, నాయిక భయపడడానికి నిడివి చాలదు, కనుక ఆ బాధ్యత హాస్యగాడికి అప్పగిస్తారు. అతడు వణుకుతాడు, మనం నవ్వుతాం. అనుభావమంతా అతని దగ్గర పోగుపడ్డాక రసం మఱెక్కడ నిలుస్తుంది? హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధులని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఊరికే అనలేదు.

మణిచిత్రత్తాళులో మాత్రం హాస్యం లేదా అని అడుగుతారు. ఉంది, బోలెడంత ఉంది. మొదటి సగమంతా నవ్వులే. అయితే ఆ నవ్వు ఎవరి మీద? లేని దెయ్యాన్ని చూసి ఇల్లు వదిలి పాఱిపోయేవాళ్ళ మీద. అలా నవ్విన మనకే, గంగ గొంతు మాఱిన క్షణంలో, నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. అక్కడినుంచి హాస్యగాళ్ళు మర్యాదగా తప్పుకుంటారు. ఆ క్రమం తెలిసి తీసినవాళ్ళు వాళ్ళు.

ఇక పునర్నిర్మాణాల సంగతి. 2004లో పి. వాసు కన్నడంలో 'ఆప్తమిత్ర' తీశాడు. గంగ పాత్ర మన సౌందర్యది. చిత్రం విడుదలయ్యేనాటికి ఆమె లేదు, ఆ యేడు ఏప్రిల్‌లోనే విమానప్రమాదంలో పోయింది. ఆ చిత్రంలో ఆమెను చూడడం నాకు ఇప్పటికీ కష్టమే. మఱుసటి యేడు అదే వాసు తమిళంలో 'చంద్రముఖి' తీస్తే, అది తెలుగులోకి డబ్బింగై ఇక్కడా విరగబడి ఆడింది. 2007లో ప్రియదర్శన్ హిందీలో 'భూల్ భులయ్యా' తీశాడు. మూలచిత్రానికి రెండో యూనిట్ దర్శకుల్లో ఒకడిగా పనిచేసినవాడే ఈ ప్రియదర్శన్.

వీటిలో నాకు ముచ్చట గొలిపే విషయం ఒకటుంది. మూలంలో మలయాళీ ఇల్లాలి నోట హఠాత్తుగా తమిళం వస్తుంది. ఆ పరాయిభాషే సగం భయం. తిరగదీసినవాళ్ళు ఈ కిటుకును సరిగానే పట్టుకున్నారు. కన్నడంలోనూ తమిళంలోనూ నర్తకి తెలుగు మాట్లాడింది, హిందీలో బెంగాలీ మాట్లాడింది. మన దగ్గఱికి వచ్చేసరికి చిక్కొచ్చింది. తెలుగువాళ్ళకు తెలుగు దెయ్యం భాష ఎలా అవుతుంది? అందుకని డబ్బింగులో 'రారా' కాస్తా 'వారాయ్' అయి తమిళానికి తిరిగిపోయింది. అజంతభాష అని మురిసిపోయే మన తెలుగు, పొరుగింటివాళ్ళ చెవికి చీకటిగదిలోంచి వినబడే భాష అయిందని తెలిసినప్పుడు నాకు కోపం రాలేదు సరికదా, కొంచెం గర్వం కూడా కలిగింది.

అంతవరకూ క్షమించవచ్చు. చంద్రముఖిలో రజనీకాంత్ కోసం పోరాటాలూ పాటలూ చేర్చినా, వడివేలు హాస్యం హద్దు మీఱినా, ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియని ఆ పెద్ద పాము వచ్చినా, చివరికి వైద్యుడు వైద్యుడే, రోగి రోగే. జ్యోతిక ఆ రోగాన్ని ఒళ్ళంతా కళ్ళు చేసుకొని అభినయించింది. కథ వెన్నెముక విఱగలేదు.

విఱగడం కొనసాగింపులతో మొదలైంది. 2010లో కన్నడంలో 'ఆప్తరక్షక', అదే యేడు తెలుగులో వెంకటేశ్‌తో 'నాగవల్లి'. ఇప్పుడు నర్తకి బొమ్మ ఉన్న పటం ఏ ఇంట్లోకి పోతే ఆ ఇల్లు పాడవుతుంది, వందేళ్ళు దాటిన రాజు చావకుండా ఎక్కడో దాక్కొని ఉంటాడు. వైద్యుడి చేతిలో ఇంకా వైద్యశాస్త్రం ఉందిగాని, పక్కనే చావులేని రాజు కూర్చున్నాక ఆ శాస్త్రానికి విలువేముంది? 2022లో 'భూల్ భులయ్యా 2' వచ్చింది. అందులో మంజులిక నిజంగానే దెయ్యం. 2023లో 'చంద్రముఖి 2' వచ్చింది. దర్శకుడు మళ్ళీ వాసుయే. అక్కడా ఆత్మ నిజంగానే దిగింది. ఆ కథను దెయ్యం లేకుండా రెండు భాషల్లో చెప్పి మెప్పించిన మనిషి, తన చేత్తోనే దెయ్యాన్ని పిలిచాడు.

దీనికింత గొడవెందుకయ్యా, సినిమాయే కదా అంటారా? 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. అక్కడ గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. వాళ్ళను అక్కడికి తెచ్చినవాళ్ళు కసాయివాళ్ళు కారు, కన్నవాళ్ళూ కట్టుకున్నవాళ్ళూను. పట్టినదాన్ని దేవుడు వదిలిస్తాడని నమ్మి తెచ్చారు. నేను పనిచేసిన ఒక పల్లెటూరి బడిలో పదో తరగతి చదివే అమ్మాయి ఉండేది. పద్యం చదివితే గంట కొట్టినట్టుండేది. అర్ధసంవత్సర పరీక్షల ముందు ఒక రోజు తరగతిలోనే గొంతు మార్చి మాట్లాడింది. ఆసుపత్రికి తీసుకుపొండని మేం నలుగురం వెళ్ళి చెప్పాం. వాళ్ళు వేపమండలవాడి దగ్గఱికి తీసుకుపోయారు. మళ్ళీ బడికి రాలేదు. మణిచిత్రత్తాళు చూసినప్పుడు ఆ పిల్లే గుర్తొచ్చింది. ఒక కథ, లక్షలమంది చూసే కథ, 'ఈమెకు పట్టింది దెయ్యం కాదు, ఈమెకు జబ్బు చేసింది' అని చెప్పి, ఆ మాటతోనే భయపెట్టి, ఆ మాటతోనే కాసులు కురిపించింది. అందులో చూపిన చికిత్స నాటకఫక్కీదే, ఏ వైద్యుడూ ఒప్పుకోడు. కాని రోగిని రోగి అన్నది. అటువంటి కథ పేరును అరువు తెచ్చుకొని, 'కాదులెండి, దెయ్యమే' అనడాన్ని వ్యాపారమని సరిపెట్టుకోవడం నా వల్ల కాదు.

మఱి దెయ్యమున్న ప్రతి కథనూ కాదంటావా అంటే, అలా అంటే మొదట బేతాళకథలను తగలబెట్టాలి. కథలో దెయ్యముండవచ్చు. 1992లో రామగోపాలవర్మ తీసిన 'రాత్రి'లో ఉంది. అందులో కొండమీది కోట లేదు, మనవంటి సంసారులుండే మామూలు ఇల్లే. రేవతి ముఖంలోని అలసటతోనే సగం పని జరిగిపోయింది. 2022లో వచ్చిన 'మసూద'లోనూ ఉంది. అక్కడ కథకు కేంద్రం ఆవేశించిన పిల్ల కాదు, ఆ పిల్లను చూసి ఏం చెయ్యాలో తోచని తల్లి. సంగీత ఆ తల్లిని ఎంత నిబ్బరంగా పోషించిందో! తోడుగా వచ్చిన పక్కింటి కుఱ్ఱవాడు పిఱికివాడు, చివరిదాకా పిఱికివాడే. అతడు వణకుతుంటే ఒక్కడూ నవ్వలేదు, అతనితోపాటు మనమూ వణికాం. భరతుడు చెప్పినదీ అదే.

'విరూపాక్ష' గుఱించి ఇంత ధారాళంగా మెచ్చుకోలేను. పనితనముంది, ఒప్పుకుంటాను. చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్ళు సజీవంగా తగలబెట్టడంతో మొదలైనప్పుడు, ఊరి పాపం ఊరిని వెంటాడే కథ కాబోలని కూర్చున్నాను. చివరికి క్షుద్రపూజలు నిజంగా ఫలిస్తాయనే తేల్చారు. బాణామతి అనుమానంతో మనుషులను చంపిన వార్తలు పత్రికల్లో చదివిన జిల్లాలవాళ్ళం మనం. ఆ నిప్పుతో ఆడేటప్పుడు కాస్త ఆలోచించవద్దా?

పునర్నిర్మాణమే తప్పని నేననడం లేదని గమనించాలి. అనగలిగే అర్హత తెలుగు పండితుడికి అసలే లేదు. మన సాహిత్యం నన్నయ చేతిలో మొదలైందే వ్యాసుణ్ణి తెనిగించడంతో. శ్రీనాథుడు హర్షుడి నైషధాన్ని తీసుకున్నాడు. అయితే వాళ్ళు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో ఎఱిగి చేశారు. కథ ఆత్మను వదిలి ఒంటిమీది నగలను తెచ్చుకోలేదు. తెల్లవాళ్ళలోనూ ఈ రెండు తెగలూ ఉన్నాయి. హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో'ను 1998లో గస్ వాన్ సాంట్ దాదాపు ప్రతి షాటూ అలాగే ఉండేట్టు, రంగుల్లో తీశాడు. అచ్చు దిగింది, ప్రాణం దిగలేదు. ముర్నౌ 1922లో తీసిన మూగచిత్రం 'నోస్ఫెరాటు'ను హెర్జోగ్ 1979లోనూ, ఎగ్గర్స్ 2024లోనూ మళ్ళీ తీశారు. ఇద్దఱికీ చెప్పడానికి తమదంటూ ఒకటుంది, కనుక ఎవరి చిత్రం వారిది. అసలు ముర్నౌ చిత్రమే అనుమతి లేకుండా 'డ్రాక్యులా' నుంచి ఎత్తుకొచ్చినది. స్టోకర్ భార్య కోర్టుకెక్కితే ప్రతులన్నీ నాశనం చెయ్యమని తీర్పొచ్చింది. ఆ దొంగసొమ్మే కళాఖండమై మిగిలింది. కనుక దొంగతనం మీద కూడా నాకు పెద్ద పట్టింపు లేదు, ఎత్తుకొచ్చినదాన్ని ఏం చేశారన్నదే పట్టింపు.

మలయాళులు ఇప్పటికీ ఆ విద్య మఱవలేదు. 2024లో వచ్చిన 'భ్రమయుగం' చూడండి. ఒక పాడుబడ్డ మన, లెక్కపెట్టదగినన్ని పాత్రలు, పాచికలాట, నలుపూ తెలుపూ. భయానకానికి వర్ణం నలుపని భరతుడన్నాడు. ఆ దర్శకుడు అది చదివాడో లేదో గాని, పాటించాడు. మమ్ముట్టి వంటి మహానటుడు అంత వికారంగా, అంత తాపీగా పళ్ళు చూపించడానికి ఒప్పుకున్నాడు. మన దగ్గఱ ఆ స్థాయి నటుడికి ఆ కథ వినిపించే ధైర్యం ఎవరికుంది? వినిపించినా, మధ్యలో ఒక పాటా, హాస్యానికో ముగ్గురూ లేకుండా బయటికొస్తుందా?

మణిచిత్రత్తాళును 2024 ఆగస్టులో 4కె చేసి కేరళ థియేటర్లలో మళ్ళీ విడుదల చేశారు. ముప్పైయేళ్ళ నాటి చిత్రానికి, కథ ముందే తెలిసినవాళ్ళు, టికెట్టు కొనుక్కొని వెళ్ళారు. మన మిత్రుల్లో చంద్రముఖి మాత్రమే చూసినవారుంటే, భాష రాకపోయినా ఫఱవాలేదు, మూలం ఒక్కసారి చూసి వచ్చి నాతో పోట్లాడండి. ఆ పాము దేనికి ప్రతీకో చెప్పగలిగినవారికి మాత్రం ముందే ఓడిపోయానని రాసిస్తాను.