అన్నప్రాశన మాసనిర్ణయం – కోనసీమ ఆచారం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అన్నప్రాశనం నేటికీ వైభవంగానే జరుగుతున్నది. అయితే ముహూర్తాన్ని నిర్ణయిస్తున్నది చాలా ఇళ్ళలో శాస్త్రమూ కాదు, శిశువు ఆకలీ కాదు. వెండిగిన్నె తేవలసిన మేనమామకు దొరికే సెలవులు. ఆయన రాక కోసం ఎనిమిదో నెల దాకా, ఒక్కొక్కప్పుడు ఆపైన కూడ, శిశువు పాలమీదనే ఉండిపోతున్నది.

కోనసీమ వైదిక కుటుంబాలలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రీయులు. ఆపస్తంబ గృహ్యసూత్రం జననం మొదలు ఆరవ మాసంలో బ్రాహ్మణులకు భోజనం పెట్టి, ఆశీస్సులు చెప్పించి, పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి శిశువుచేత తినిపించాలని విధించింది. తిత్తిరిపక్షి మాంసం చెప్పినవారి మతాన్నీ పేర్కొన్నది. ఆశ్వలాయనుడు మేకమాంసాన్ని కూడ చెప్పినాడు. (తరగతిలో ఈ ఘట్టాన్ని దాటవేయటం పరిపాటి. అది పండితోచితం కాదు.)

ఇక్కడ విచారించవలసినది ‘ఆరవ’ అనే పూరణార్థక పదం. దానికి అర్థం అయిదు నెలలు నిండిన పిదప నడిచే నెల. ప్రపంచ ఆరోగ్య సభ 2001లో ఆమోదించిన సిఫారసు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని. రెండూ ఒకటేనని, ప్రాచీనులు ముందే కనుగొన్నారని ఉపన్యాసాలలో చెప్పటం అలవాటైపోయింది. రెంటికీ నెల దాకా వ్యత్యాసం ఉండవచ్చు. ముహూర్తగ్రంథాలు మగశిశువుకు ఆరు మొదలుకొని సరిమాసాలను, ఆడశిశువుకు అయిదు మొదలుకొని బేసిమాసాలను చెప్పినవి. అయిదవ మాసమంటే నాలుగు నెలలు నిండిన పసికందు. ఏడవ మాసమూ బేసిమాసమే గనుక ఆడశిశువుకు దానినే గ్రహించటంలో ఏ విరోధమూ లేదు. మగశిశువుకు ఆరవ మాసాంతం తగినది. ఎనిమిదవ మాసం ఆలస్యం. శాస్త్రం ఇచ్చిన వికల్పాలలోనే శిశువుకు హితమైనది ఉండగా పంచాంగం చూచేవారు దానిని వదలిపెట్టటానికి కారణం కనిపించదు.

తేనె విషయం ఇంత సులువు కాదు. ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదని నేటి వైద్యుల నిశ్చితాభిప్రాయం. అందులో ఉండగల క్లాస్ట్రీడియం బీజాలు శిశువు పేగులలో పెరిగి కండరాలను చచ్చుపరచే విషాన్ని పుట్టిస్తాయి. ఈ శిశురోగాన్ని 1976లో గుర్తించినారు. ద్రవ్యలోపం కలుగుతుందని పురోహితులు సంశయించవచ్చు. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలో ప్రతినిధి విచారం ఉన్నది. విహితద్రవ్యం దొరకనప్పుడు చెప్పిన ఆ న్యాయం ద్రవ్యం హానికరమైనప్పుడు ఎంతవరకు అన్వయిస్తుందో మీమాంసకులు తేల్చవలసి ఉన్నది. ఆ తీర్పు వచ్చేలోగా శిశువు నాలుకకు మాత్రం తేనె తగలకుండటమే మేలు.

సూత్రకారులు ఆనాటి కర్మను చెప్పి ఊరుకున్నారు. మరునాటి సంగతి వైద్యగ్రంథాలలో ఉన్నది. సుశ్రుతుడు ఆరవ మాసాన లఘువు, హితము అయిన అన్నాన్ని చెప్పినాడు. నేపాలులోని తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో ముద్రితమైన కాశ్యపసంహిత ఆరవ మాసంలో ఫలప్రాశనాన్ని, అన్నానికి దంతోద్భవాన్ని లేదా పదవ మాసాన్ని చెప్పింది. పదవ మాసం నేడు అంగీకరించదగినది కాదు గాని, పండుతో మొదలుపెట్టటం మాత్రం ప్రతి పెరటిలోను అరటి ఉన్న కోనసీమకు చక్కగా సరిపోతుంది. బాగా మగ్గిన చక్రకేళిని మెత్తగా మెదిపి పెట్టటానికి మేనమామ అనుమతి అక్కరలేదు.

కొన్ని ఇళ్ళలో జరుగుతున్నది వేరు. పాయసం నాకించి, పుస్తకం, బంగారం, కత్తి ముందు పెట్టి, శిశువు ఏది పట్టుకొన్నదో చూచి మురిసి, మరునాటినుంచి మళ్ళీ పాలతోనే సరిపెడతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లలలో తగిన ఆహారం అందుతున్నవారు నూటికి పదకొండుమంది మాత్రమే. వరి, కొబ్బరి, అరటి, చేప పుష్కలంగా దొరికే సీమ దీనికి మినహాయింపని అనుకోవటానికి వీలులేదు. పంట ఉన్నంత మాత్రాన ముద్ద నోటికి చేరదు.

‘ఉగ్గు’ అనే మాట చరిత్ర కూడ ఇక్కడ గమనించదగినది. నిఘంటువులలో అది పసిపిల్లలకు పోసే, ఆముదం కలిపిన పాలు. నేటి వాడుకలో వేయించిన బియ్యం, పెసరపప్పు పొడిచేసి కాచిన జావ. మందు ఆహారమైనది. అర్థం మారినా పాత అలవాటు అక్కడక్కడ మిగిలి, పుట్టిన కొద్దిరోజులకే ఆముదం చుక్క వేయటం కనబడుతున్నది. ఉగ్గుగిన్నె, గోరుముద్ద, వసకొమ్ము వంటి పదాలను, వాటి వెనుక ఉన్న పాళ్ళను, ఏ నెలలో ఏది పెట్టేవారో ఆ వివరాన్ని కోనసీమ వృద్ధస్త్రీల నోట విని నమోదు చేయటం పరిశోధన స్థాయికి తక్కువ విషయమేమీ కాదు. సంస్కారాలపై వెలువడే వ్యాసాలలో ఆ పని జరిగిన జాడలు అరుదు.