కల్లు కూడా సరుకే: నాణ్యం చూసేదెవరు?

జడ్చర్లలోని బాదేపల్లి యార్డులో వేరుసెనగ రాశి ముందుకు వచ్చిన ఖరీదుదారు కాయ పగలగొట్టి, గింజ కొరికి, తేమ చూచి గాని ధర పలుకడు. 2016లో ఈ యార్డు చేరిన ఇ-నామ్ పద్ధతిలో నాణ్య పరీక్ష ఒక భాగం. అదే ఊరి చుట్టుపట్ల ప్రతిరోజూ చేతులు మారే మరొక సరుకు ఉన్నది. అది కల్లు. దానికి గ్రేడు లేదు, చీటీ లేదు. తాగేవాని నాలుకే దానికి తూనిక.

నాలుక పనికిరానిదని కాదు. తెల్లవారి దింపిన ఈత కల్లు తీపి. పొద్దెక్కిన కొద్దీ పులుపు, సాయంత్రానికి కాడి. తాటికల్లులో వగరు పాలు ఎక్కువ. లొట్టి ఏ పూట దిగినదో వాసన పట్టి చెప్పగల పాతకాపులు పాలమూరు పల్లెల్లో నేటికీ ఉన్నారు. అయితే నీళ్ళలో సాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం కలిపి కల్లు పేర అమ్మినప్పుడు ఈ నేర్పు ఓడిపోతున్నది. సాకరిన్ తీపి మందుల చేదును కప్పివేస్తుంది. అంతేగాక ఏళ్ళ తరబడి ఆ సరుకే తాగినవానికి అసలు కల్లు చప్పగా తోచి, దానినే కల్తీ అంటాడు.

ఈ విషయంలో స్కాట్లాండు వ్యాపారం గమనించదగినది. అక్కడ ఐలా దీవిలో బార్లీ మాల్టును పీట్ పొగమీద ఆరబెట్టి విస్కీ తీస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా మొక్కలు కుళ్ళి పేరుకొన్న పదార్థం. మాల్టుకు పట్టిన పొగను పదిలక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళ ఫినాల్ అని లెక్కగడతారు. ఆర్డ్‌బెగ్‌కు ఆ అంకె సుమారు 55. బట్టీలో ఆ పాలు చాలావరకు తగ్గుతుంది గనుక అంకెతోనే సరిపెట్టరు. నిపుణులు గ్లాసులో కొంచెం నీరు కలిపి వాసన చూచి మరీ విలువ కడతారు. ఓక్ పీపాలో కనీసం 3 సంవత్సరాలు, నూటికి 40 పాళ్ళకు తగ్గని సారం ఉండవలెనని చట్టం. ముక్కు రుచిని చూస్తుంది. శుద్ధిని చట్టం, కొలత చూస్తాయి. ఇక్కడ రెండు బరువులూ కూలివాని నాలుకమీదే పడ్డాయి.

సరుకు లెక్క చూచినా సంగతి తేటపడుతుంది. ఈతచెట్టు గీతకు చలికాలం అనువైనది. కొన్నాళ్ళు గీసిన చెట్టుకు కొన్నాళ్ళు విరామం ఇవ్వాలి. గిరాకీ మాత్రం ఏడాది పొడుగునా ఒకే తీరున ఉంటుంది. రాబడి తగ్గిన మాసాల్లో కూడా ధర పెరగకుండా, సీసాలు తరగకుండా అమ్మకం సాగుతున్నదంటే ఆ సీసాలు చెట్టుమీదినుండి దిగినవి కావు. మోకు, ముస్తాదుతో ప్రాణం పణంగా చెట్టెక్కే గీత కార్మికుడు ఆ ధరకు పోటీ పడలేడు. కల్తీకి మొదటి నష్టం అతనిదే.

రెండవ నష్టం ప్రాణ నష్టం. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అటు సరఫరా ఒక్కసారి ఆగినా ప్రమాదమే. మందుకు అలవాటుపడ్డవారికి వణుకు, మూర్ఛ, మతిభ్రమ వస్తాయి. 2020 లాక్‌డౌనులో కల్లు, మద్యం దొరకక అటువంటివారు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పెద్దసంఖ్యలో చేరారు. కనుక దుకాణాలకు తాళం వేయడమే మందు కాదు.

ఆబ్కారీ శాఖ నమూనాలు తీసి పరీక్షకు పంపుతున్న మాట నిజం. కాని ఫలితం వచ్చేలోగా ఆ కల్లు కడుపుల్లోకి చేరిపోతుంది. పరీక్ష డిపో వద్దనే, అమ్మకానికి ముందే జరగాలి. సొసైటీవారీగా గీసే చెట్లు ఎన్ని, దిగిన కల్లు ఎంత, అమ్మిన సీసాలు ఎన్ని అన్న మూడు అంకెలు దుకాణం ముందు పలకమీద రాయించాలి. అంకెలు పొసగనిచోట తనిఖీ జరగాలి. దానితోపాటు అలవాటుపడ్డవారికి ఆసుపత్రిలో మందు, మంచం సిద్ధంగా ఉండాలి.

అసలు కల్లుకు కల్తీ కల్లుకు ఒకే ధర పలికినంతకాలం మంచి సరుకు బజారుకు రాదు. పల్లికాయకు వర్తించే ఈ నీతి కల్లుకూ వర్తిస్తుంది. తేమ ఎక్కువైన పల్లికాయతో పోయేది రూపాయలే. కల్లుతో పోయేది మనిషి.