అసలుది దాచుకున్నాకే

పోయిన సెలవుల్లో నా పాత ఫోన్‌లో కస్టమ్ రోమ్ వేసి, వేరే మోడల్ కెర్నెల్ ఎక్కించేశాను. స్క్రీన్ వెలిగింది, టచ్ పోయింది. "కాయ్ ఝాలం?" అని నాన్న, "పాడుచేశావా?" అని అమ్మ. రిపేరు షాపులో "నవీన్ ఘ్యా, తాయీ" అన్నారు. ముందే దాచుకున్న అసలు బూట్ ఇమేజ్‌ని ఫాస్ట్‌బూట్‌తో తిరిగి ఎక్కిస్తే బతికింది.

హార్డ్‌వేర్‌కీ ఆండ్రాయిడ్‌కీ మధ్య ఉండేదే కెర్నెల్. అది లినక్స్‌ది, జీపీఎల్ 2 లైసెన్సు ప్రకారం ఫోన్ అమ్మే కంపెనీ దాని సోర్సు కోడ్ ఇవ్వాలి. అది ఉంటే, అప్‌డేట్లు ఆగిన ఫోన్లని కూడా ఇంకొన్నేళ్లు నడిపించుకోవచ్చు. కొత్తది కొనే ముందు ఆ సోర్సు అడగాలి అంటాను నేను.

మనం చేయాల్సిందీ ఒకటుంది: మార్చేముందు అసలుది దాచుకోవాలి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోటోలు చెరిగిపోతాయి, అవి కూడా.